గడియ పెట్టుకునే బాత్రూం

పోయిన వారం తెల్లవారుజామున మా అత్త పోయింది. లేచి నీళ్ల పొయ్యి ముట్టించి, కాసేపు నడుం వాల్చి వస్తానని పడుకుంది. మళ్లీ లేవలేదు. కబురు అందగానే కామాటిపురలో మా పాత చాల్ బిల్డింగు వాళ్లంతా గ్రాంట్ రోడ్‌లో బండెక్కి, దాదర్‌లో మారి, మధ్యాహ్నానికల్లా కల్యాణ్ అవతల మా ఇంటికి వచ్చేశారు. ఏడుపులయ్యాక అందరి నోటా ఒకటే మాట: మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, సుఖంగా పోయింది. నేనూ ఏడ్చినంత ఏడ్చాను గానీ, ఆ మాట వినేసరికి నా ప్రాణం కుదుటపడింది. అలా అనిపించిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

నేను పాలమూరు పల్లె నుంచి కోడలిగా వచ్చింది ఒంటి గది ఇంట్లోకి. అలాంటి గదులు వరసగా ఉండే చాల్‌లో దాన్ని ఖోలీ అంటారు. వంటా అందులోనే, పడకా అందులోనే, ఓ మూల మోరీ. మోరీ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. చిన్న గట్టు కట్టి, నీళ్లు పోవడానికి తూము పెట్టిన జాగా అది. గిన్నెలు తోమేదీ అక్కడే, పాత చీర అడ్డం కట్టుకుని స్నానం చేసేదీ అక్కడే. ఆడవాళ్ల స్నానం అయ్యేదాకా మామా, మా ఆయనా, మరిదీ బయట వరండాలాంటి గ్యాలరీలో నిలబడేవాళ్లు. వాళ్లకేమో పనికి పోయే వేళ. తలుపు అవతల ఎవరైనా కాస్త దగ్గారంటే చాలు, సగం సబ్బుతోనే చెంబుడు నీళ్లు గుమ్మరించుకుని, తడి ఒంటికి చీర చుట్టుకునేదాన్ని. మా పల్లెలో తడిక చాటైనా ఉండేది. ఇంత పెద్ద పట్నంలో అదీ లేదని వచ్చిన కొత్తలో ఒకటే ఏడుపు.

అత్త చూసీ చూడనట్టు ఉండేది. ఒకనాడు మాత్రం నా తల తుడుస్తూ అంది.

"ఏడ్వకు బిడ్డా. మన ఇల్లు కట్టుకున్ననాడు నీకు గడియ పెట్టుకునే బాత్రూం కట్టిస్త. నా మాట."

ఆ మాట పట్టుకునే నేను అక్కడ బతికాను.

ఎనభైల మొదట్లో మామ కల్యాణ్ అవతల చిన్న జాగా కొన్నాడు. ఆయన మేస్త్రీ, ఇల్లు తానే కట్టుకుంటానన్నాడు. ఆ సంబరంలో పునాది తవ్వకముందే పాత సామాన్లు అమ్మే చోర్ బజార్ నుంచి పెద్ద టేకు మంచం మోయించుకొచ్చాడు. అది ఖోలీలో పడితేగా! గ్యాలరీలో గోడకు ఆనించి నిలబెడితే, చాల్ ఆడవాళ్లందరికీ బట్టలారేసుకునే దండెం అయింది. ఇక ఇంటి ప్లానంతా ఆ మంచం చుట్టూనే తిరిగింది.

తాతల నాటి నుంచీ బిల్డింగులు కట్టినవాళ్లం కదా, మావాళ్లకో పద్ధతి ఉంది. ప్లాను కాగితం మీద చూసి తృప్తిపడరు. సున్నంతో నేల మీద అసలు కొలతకే గీసి, అందులో నడిచి, పడుకుని చూస్తారు. మామ ఓ ఆదివారం చాల్ మిద్దె మీద గీశాడు. పడక గదిలో మంచం, బీరువా, ఊరి నుంచి వచ్చే చుట్టాలకు చాపలు, అన్నీ దర్జాగా పట్టాయి. మిగిలిన మూలలో బాత్రూం, అచ్చం మోరీ అంతే.

"నీళ్లు వోసుకునేటందుకు ఎంత జాగ గావాలె?" అన్నాడు మామ.

అత్త కిందికి పోయి పీటా, బకెట్టూ, చెంబూ తెచ్చింది. గీతల మధ్య పీట వేసుకుని కూర్చుని, ఖాళీ చెంబుతో నెత్తిన నీళ్లు గుమ్మరించుకోసాగింది. వీపు రుద్దుకోబోతే మోచేయి గీత దాటింది. దాన్ని అలాగే ఉంచి మామను పిలిచింది.

"చూడు, నా చెయ్యి నీ మంచం మీదికొచ్చింది. రోజు పరుపు తడుస్తది, మంచిదేనా?"

వడియాలు పెట్టుకుంటున్న ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. మామ గొణుక్కుంటూనే చీపురుతో గీత తుడిచి, పడక గదిలోకి జరిపి గీశాడు. నాకైతే అక్కడే స్నానం చేసేసినంత హాయి అనిపించింది.

ఇల్లు లేచింది. వడ్రంగి బాత్రూం తలుపు తెచ్చాడు, మంచమూ లారీలో వచ్చింది. తలుపు లోపలికి తెరిస్తే పీట వేసుకునే చోటు పోతోంది. బయటికి తెరిస్తే మంచానికి కొట్టుకుంటోంది. మిద్దె మీద అంతమంది చూశాం, తలుపు తిరిగే జాగా గీయాలని ఒక్కరికీ తోచలేదు. ఊరందరి ఇళ్లకూ తలుపులు పెట్టినవాళ్లమే, మా స్నానానికి తలుపు ఎన్నడూ ఎరగం. మా లెక్కలోకి అది రాలేదు.

"పరదా కట్టుకోండ్రి. ఇన్నేండ్లు అదే గదా," అన్నాడు మామ తేలిగ్గా.

ఇంత దూరం వచ్చి మళ్లీ చీరేనా అని గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకున్నాను.

అత్త వడ్రంగిని అడిగింది. "రంపం ఉన్నదా? ఈ మంచం ఒక పక్క కొయ్యి."

"టేకు మంచమే అది," అన్నాడు మామ.

"ఉండనీ. మనం పండేటందుకు ఎంత జాగ గావాలె?"

వడ్రంగి ఇద్దరి మొహాలూ చూసి, చివరికి అత్త మాటే విన్నాడు. మామ కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగాడు. ఆ తర్వాత ఆ సన్నబడ్డ మంచం మీదే గురకలు పెట్టాడు లెండి.

అప్పటి నుంచి చాల్‌లో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా అత్తకు పిలుపొచ్చేది. వెళ్లేది, గీతల మధ్య కూర్చునేది, ఆడవాళ్లను కూర్చోబెట్టేది. "మొదలు తలుపు గీయుండ్రి. మంచం ఎన్కకు సూస్కోవచ్చు," అనేది. మొన్న వచ్చినవాళ్లలో ఎందరో ఆ మాట గుర్తుచేసుకున్నారు.

నాకు గుర్తున్నది ఇంకొకటి. ఇల్లు చేరిన మర్నాడు మొదటి స్నానం నాదే అనుకున్నాను. మాట ఇచ్చింది నాకు కదా. అత్త చెంబు పుచ్చుకుని తానే లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నాకు ఉక్రోషం రాలేదంటే అబద్ధం. ఎంతసేపైనా బయటికి రాదు. కామాటిపురలో ఇలా వెళ్లి అలా వచ్చే మనిషి. భయమేసి తలుపు తట్టాను.

"అత్తా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న. బయట ఎవరన్న నిలవడ్డరా?"

"ఎవరూ లేరత్తా."

"ఆఁ. అందుకే మెల్లగ వోసుకుంటున్న."

నేను ఏడ్చింది ఏడాదో రెండేళ్లో. ఆమె పెళ్లై వచ్చిన నాటి నుంచీ అట్లాగే హడావుడిగా స్నానం చేసింది, ఎవరి ముందూ ఒక్క మాట అనలేదు. నా ఉక్రోషం అంతా ఎటు పోయిందో.

ఇంటి వెనక్కి పోతే, మామ భుజాన తువ్వాలుతో బాత్రూం తూము పక్కనే ఇటుకల మీద కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. లోపలి మాటలు ఆయనకూ వినపడ్డట్టున్నాయి. మెల్లగా లేచి, ఒక ఇటుక చేతపట్టుకుని దూరంగా నడిచి, దాన్ని గడ్డిలో వేసుకుని ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు. తూములోంచి సబ్బు నీళ్లు కాసిని వచ్చి ఆగాయి. చాలాసేపటికి మళ్లీ కాసిని వచ్చాయి.