అమ్మ ఆపిన బస్సు

మొన్న కంటి డాక్టరుకు చూపించుకుందామని మనవరాలి కారులో నరసరావుపేట బయల్దేరాను. ఊరు ఇంకా రాకముందే పోలీసులు బండ్లన్నీ ఆపి, నడిపేవాళ్ళ నోటి దగ్గర చిన్న మిషను పెట్టి ఊదమంటున్నారు. మా పిల్ల నవ్వుతూ ఊదింది, వాళ్ళూ నవ్వి పొమ్మన్నారు. నేను మాత్రం మెడ తిప్పి ఆ మిషను కనబడినంత దూరం చూస్తూనే ఉన్నాను. ఎనభై ఏళ్ళ కిందట, చేతిలో ఏ మిషనూ లేకుండా మా అమ్మ చేసిన పని అదే.

మాది గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్క పల్లె. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సు వెనకాల పీపాలాంటి పొయ్యి బిగించి, బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడిపేవారు. మీలో ఆ బొగ్గు బస్సు ఎక్కినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, ఎత్తు రాగానే అందరం దిగి నడవడం, మనమే ముందు పైకి చేరుకుని వెనకాల రొప్పుతూ వచ్చే బస్సు కోసం నిలబడడం, మెడ మీద రాలిన మసి తుడుచుకోవడం గుర్తుండే ఉంటాయి. రోజుకు ఒకటే బస్సు, దానికి ఒకడే డ్రైవరు. ఆయన్ను ఊరంతా మామా అనేవాళ్ళం. మాచర్ల నుంచి ఒకరికి మందు సీసా, ఒకరికి తమలపాకులు, అడిగినవన్నీ మరిచిపోకుండా తెచ్చిపెట్టేవాడు. సారా కూడా తాగేవాడు. అది అందరికీ తెలిసిందే. తాగిన రోజు గొంతెత్తి పాడుతూ నడిపేవాడు, వాకిళ్ళలో నిలబడి అందరూ నవ్వేవాళ్ళు. మా అమ్మా నవ్వేది.

మా అక్కకు అప్పుడు పధ్నాలుగేళ్ళు, నాకు ఎనిమిది. అక్క ఎవరి నడకనైనా ఇట్టే పట్టేసేది. కరణంగారు పొట్ట ముందుకేసుకుని నడవడం, మా మేనత్త విసురుగా పోవడం వాళ్ళ వెనకాలే నడిచి చూపించి, వాళ్ళు తిరిగి చూస్తే ఏమీ ఎరగనట్టు ఆకాశం వంక చూసేది. పొద్దున్నే వీపుకు మోకాలు ఆనించి నాకు జడ వేసేది, కళ్ళు లాక్కుపోయేంత బిగువుగా.

జొన్న కోతల్లో ఉన్న నాన్నకు అన్నం తీసుకుని ఒక మధ్యాహ్నం ఇద్దరం రోడ్డు వారన పోతున్నాం. నా కాలికి ముల్లు దిగి కూలబడ్డాను. అక్క దాన్ని పీకి, నేను ఏడుపు మానడం కోసం నాలుగడుగులు ముందుకు వెళ్ళి, అన్నం గిన్నె నెత్తిన పెట్టుకునే నా కుంటి నడక నడిచి చూపించింది. నేను నవ్వాను. అప్పుడే వాలు మీంచి మామ పాట వినబడింది. బస్సు రోడ్డు వదిలి వారకు వచ్చేసింది. ఆ పైన ఏం చూశానో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

కోర్టులో ఆయనకు శిక్ష పడిందని వచ్చి చెబితే అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపలేదు. నాన్న చేలోనే ఉండిపోయాడు. అమ్మ నాకు జడ వేయబోయి, సగంలో చేతులు ఆగిపోయి, లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు నేనే వంకరటింకరగా వేసుకోవడం నేర్చుకున్నాను. ఓదార్చడానికి వచ్చిన చుట్టాలు మామను తిడుతుంటే ఒకరోజు అమ్మ అంది. "తాగి నడుపుతాడని మనందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఒక్కనాడన్నా దిగవయ్యా అన్నానా నేను?"

ఆ మర్నాటి నుంచి బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. కొత్త డ్రైవరు దగ్గరికి పోయి, "ఒకసారి నోరు తెరువు నాయనా" అనేది. వాసన చూసి, పొమ్మని పక్కకు జరిగేది. పిచ్చి పట్టిందన్నారు. ఆడపిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్ళు, నేను సిగ్గుతో వేపచెట్టు చాటున నిలబడేదాన్ని. అక్క కావాలని నాకూ ఉండేది, కానీ ఆ మాట అనడానికి ఇంట్లో చోటు ఉండేది కాదు.

ఒకనాడు ఇంకో డ్రైవరు వచ్చాడు. నోరు తెరవనన్నాడు. అమ్మ వెళ్ళి బస్సుకు అడ్డం నిలబడింది.

"నీ కూతురు పోయిందని బస్సులన్నీ ఆపుతావా ఏంది?" అన్నాడు.

"నా కూతురు ఎట్టాగూ రాదయ్యా. వీళ్ళ కోసం ఇళ్ళకాడ పిల్లలు చూస్తుంటారు" అంది అమ్మ.

లోపల జనం పొద్దుపోతోందని కేకలేశారు. అప్పుడు గాజులమ్ముకునే సాయిబుల అవ్వ గంప పట్టుకుని మెల్లగా దిగి, "ఎక్కిన కాణ్ణుంచి వాసనొస్తానే ఉంది. చానాసేపు ఊరికే కూచున్నా. ఇంక నడిచిపోతా" అని అమ్మ పక్కన నిలబడింది. ఆమె వెనక ఒక ముసలాయన, ఆయన వెనక బిడ్డను ఎత్తుకున్న ఓ తల్లి, చివరికి బస్సు ఖాళీ అయింది. డ్రైవరు దిగి, మెట్టు మీద కూర్చుని తల వంచుకున్నాడు. అమ్మ నన్ను పంపి చెంబెడు మజ్జిగ తెప్పించి తన చేత్తోనే అతనికి ఇచ్చింది. నిషా దిగేదాకా అందరూ చెట్టు కింద కాచుకుని, అప్పుడు ఎక్కారు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ మొత్తం వేసింది. వదులుగా వేసింది. నేను కదలకుండా కూర్చున్నాను.

తర్వాత డ్రైవర్లు ఎవరు వచ్చినా మా ఊరి దగ్గర ఆపి, వాళ్ళే కిందికి వంగి, "చూసుకో అమ్మా" అనేవారు. నా పెళ్ళయి నేను వెళ్ళిపోయాక కూడా, కాళ్ళు ఆడినన్నాళ్ళూ అమ్మ బస్సు వేళకు రోడ్డు మీదికి వెళ్ళిందట.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది. క్షణానికో బండి పోతుంది, నడిపే మనిషి ఎవరో తెలియదు, మామా అని పిలిచే వీలూ లేదు, అడ్డం నిలబడితే ఆగుతారనే నమ్మకమూ లేదు. అక్కకు ఫోటో తీయించలేదు మేము. ఆమెను చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పల్లెకు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు "మీ అక్క ఉండేది గదమ్మా" అని ఒక మాట అనేవారు. ఆ మాట ఇంకోసారి వినాలని ఉంటుంది. అనడానికి ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు.