జత కుదరని రెండు ర్యామ్‌లు

ఆ రోజు నేను ఒక కంప్యూటర్‌ను పరీక్షించకుండానే బాగైందని చెప్పి పంపించాను. తప్పు నాదే.

నిజామాబాద్‌లో నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. బోధన్‌లో పనిచేసే ఒక టీచరమ్మ, వర్ని ఊళ్లో బీడీలు చుట్టే ఒక అవ్వ పాటలను ఫోన్‌లో రికార్డు చేసి కంప్యూటర్‌లో దాస్తోంది. అది నెమ్మదించిందని తెచ్చింది. కంప్యూటర్ పని మధ్యలో సమాచారం పెట్టుకునే ర్యామ్ పాతది; దాని పక్కన వేగమైన కొత్తది పెట్టాను. అడిగిన సమాచారం ఎంత వ్యవధిలో అందించాలో ప్రతి ర్యామ్‌కూ ఒక లెక్క ఉంటుంది. దాన్నే టైమింగ్స్ అంటారు. రెండు రకాలు కలిపితే నెమ్మదైనదాని లెక్కకే రెండూ నడవాలి. నేను గొప్పకు పోయి కొత్తదాని లెక్క రెండింటికీ పెట్టాను.

"టెస్టు పెట్టవా అన్నా?" అని ఆమె అడిగింది కూడా.

"ఆన్ అయింది గదక్కా, ఇంకేం టెస్టు? పాటలు ఎక్కించి ఫోన్లకెల్లి తీసెయ్."

వారానికి తిరిగొచ్చింది. పాట పెడితే వర్ని అవ్వ గొంతు రెండు చరణాలు పలికి గరగరమని తెగిపోయింది. తక్కినవి అసలు తెరుచుకోలేదు. టెస్టు పెడితే నిమిషంలోనే తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు. పాత ర్యామ్ ఆ వేగం అందుకోలేక తప్పుడు అంకెలు ఇచ్చింది. కంప్యూటర్ వాటినే రాసుకుంది. ఒక్క హెచ్చరికా రాలేదు.

"ఫోన్ల ఉన్నయా అక్కా?"

"నువ్వే తీసెయ్యమంటివి గదన్నా."

ఆమె తిట్టలేదు. నేను ఆమె ఫోన్ అడిగి తీసుకున్నాను. ఫోన్‌లో ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

కొత్త ర్యామ్ తీసేసి, పాతదానికి దాని లెక్కే పెట్టి, రోజంతా టెస్టు నడిపాను. ఆదివారం ఆమెతో కలిసి వర్ని వెళ్లి, జరిగింది అవ్వకు చెప్పాను.

"నీ డబ్బ నా పాటలు మింగిందా? ఆకలి మీదున్నట్టుంది!" అవ్వ నవ్వింది. "మల్ల పాడుతగని, ఉత్తగ కూసుంటే యాదికి రాదు బిడ్డా. చేతులు ఆడాలె. కళ్లు కనవడక బీడీలు బంజేసిన, ఆకు గూడ కత్తిరియ్యస్తలేదు."

పొరుగింటి నుంచి తునికాకులు, పొగాకు, కత్తెర తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. నేను కత్తిరించి ఇస్తుంటే ఆమె చుట్టింది, పాడింది; టీచరమ్మ ఫోన్‌లో రికార్డు చేసింది.

"గిట్ల వంకరగనా? నీ కన్న నా మనుమరాలు నయం!"

పదకొండు పాటలొచ్చాయి. మిగతావి ఆమెకు గుర్తు రాలేదు. దుకాణానికొచ్చి, వచ్చినవాటిని రెండు చోట్ల దాచి, ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా విన్నాకే ఫోన్ టీచరమ్మ చేతికిచ్చాను.