ఐదో కాలు చూడందే

మా పెదనాయన రామకృష్ణయ్యకు ఒకటే పిచ్చి. ఐదో కాలు చూడందే దేనికీ పేరు పెట్టడు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. వాన చుక్కకే మొహం వాచిన మా ధర్మవరంలో కూర్చుని, సముద్రంలో బతికే కోపిపాడ్ అనే పురుగుల మీద ప్రాణం పెట్టుకున్నాడు. పాత శిష్యులు సీసాల్లో పంపిస్తుంటారు. నువ్వుగింజంత కూడా ఉండవు, అన్నీ ఒకే పోలిక. ఏ జాతిదో తేలాలంటే మైక్రోస్కోపు కింద ఐదో జత కాళ్ళు చూడాలట.

పురుగులతో ఆగితే బాగుండేది. కూర ఎలా ఉందని పెద్దమ్మ అడిగితే, "ఉండు శాంతా, ఐదో కాలు చూడల్ల," అని మళ్ళీ వడ్డించుకుంటాడు. నా స్నేహితురాళ్ళు ఇంటికొస్తే మొహాలు వదిలేసి పాదాలకేసి చూస్తాడు. నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

మా పట్టుచీరల అంగడికి ఆయన వస్తున్నాడంటే నేను బీరువా చాటుకు పోతాను. మొన్న అలాగే, జేబులో భూతద్దం, చేతిలో స్పిరిటు కంపు కొట్టే సీసాతో దిగాడు. అప్పటికే అంగట్లో రభస. నేతగాడు ఓబిలేష్ తెచ్చిన చీరను మా నాయన సుదర్శన్ పక్కకు విసిరేసి అరుస్తున్నాడు.

"మరమగ్గం చీర తెచ్చి చేతిమగ్గమంటావా? ఇంత నున్నగ చేత్తో ఎవరు నేస్తారప్పా?"

"నా చేత్తోనే నేసినానన్నా."

కొనడానికి వచ్చినవాళ్ళంతా చూస్తుంటే ఓబిలేష్ తలెత్తలేకపోయాడు. ఈ మాట బజారుకెక్కితే అతని చీరను ఇంకే అంగడివాడూ ముట్టడు.

"సుదర్శనా, ఐదో కాలు చూసినావా?" అన్నాడు పెదనాయన.

ఎవరో కిసుక్కున నవ్వారు. భూమి చీలితే దిగిపోదామనిపించింది నాకు.

"చీరకు కాళ్ళు యాడుంటాయన్నా!" అని నాయన మండిపడ్డాడు.

పెదనాయన నిదానంగా కూలబడి, చీర అంచుకు భూతద్దం ఆనించాడు. "ఈడ చూడు. బట్ట ముడుచుకోకుండా అడ్డం పెట్టే కర్ర ముళ్ళు గుచ్చిన బొక్కలు. చేత్తో జరుపుకుంటా గుచ్చినాడు కాబట్టి ఒకటి ఈడ, ఒకటి ఆడ. మిషను ఇట్ల చేస్తాదా?"

నాయన చూశాడు. మళ్ళీ చూశాడు. మొహం కందగడ్డయింది. నాకూ సిగ్గేసింది. ఎవరికీ తొందరపడి చెడ్డపేరు పెట్టని మనిషిని చూసా నేను బీరువా చాటున దాక్కున్నది?

బీరువా చాటు నుంచి బయటికొచ్చి, "పెదనాయనా, మరి మా నాయనది ఏ జాతి?" అన్నాను.

ఆయన భూతద్దం తమ్ముడి వైపు తిప్పాడు. "ఇప్పుడే చెప్పకూడదు పాపా. ఐదో కాలు ఇంకా చూడలేదు."

నాయన తనకోసం వచ్చిన కాఫీ తీసి ఓబిలేష్ చేతికిచ్చాడు. "తప్పు నాదేనప్పా. అందరి ముందర అంటిని, అందరి ముందరే చెప్తాండా."

"ఆఁ," అన్నాడు పెదనాయన భూతద్దం తుడుచుకుంటూ, "ఇప్పుడు కనపడతాండాది."