మందారాల గదికి తాళం

ఆఫీసులో ఎవరి కార్డుకి ఏ తలుపు తెరుచుకోవాలో, ఎవరికి తెరుచుకోకూడదో చూసే ఉద్యోగం నాది. హైటెక్ సిటీలో పదిహేనేళ్లుగా అదే పని. ఆ బుద్ధిని ఇంటికి కూడా మోసుకొస్తున్నానని ఈ వేసవి దాకా నాకు తెలియలేదు.

బాచుపల్లిలో మాది ఆఖరి అంతస్తు, దాని మీద డాబా. డాబా మీద ఇనప గొట్టాలతో ఒక గది కట్టించాను. పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద ఆకుపచ్చ నెట్టు, నాలుగు పక్కలా నెట్టే. లోపల గంటకోసారి తుంపర చల్లే సన్నటి గొట్టాలు, వాటికో మోటారు, మోటారుకో టైమరు. ముప్పై కుండీల్లో అంటుకట్టిన మందారాలు. గోడవార పూసే ఎర్ర మందారాలు కావివి. పోటీలకి పెంచేవి, టిఫిన్ పళ్లెమంత వెడల్పుంటాయి, ఒక్క పువ్వులోనే మూడు రంగులుంటాయి.

మందారంతో ఉన్న చిక్కేమిటంటే, పొద్దున విచ్చుకున్నది సాయంత్రానికల్లా ముడుచుకుపోతుంది. మా చుట్టుపక్కల కాలనీల వాళ్లు కలిసి పెట్టే పూల పోటీ ఎండలు మొదలయ్యాక ఒక ఆదివారం జరుగుతుంది. సరిగ్గా ఆ ఉదయమే విచ్చుకునే మొగ్గ మన దగ్గర ఉండాలి. అందుకని పక్క మొగ్గలన్నీ తుంచేసి, బలమంతా ఒక్కదానికే వెళ్లేలా చూస్తాం. ఒక్క పూట గాలి వేడెక్కినా ఆ ఒక్కటీ కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. అంతే సంగతులు.

నేను మొగ్గలు తుంచుతుంటే అమ్మ చూడలేకపోయేది. "విచ్చుకోనివ్వరా పాపం. మొగ్గగా తుంచేస్తే అది దేవుడికీ పనికిరాదు" అనేది. అమ్మది గోదావరి జిల్లా. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. తెల్లవారకుండానే తలస్నానం చేసి, పూలసజ్జ పట్టుకుని డాబా ఎక్కడం అలవాటు. కొత్త మొక్కకి పూసిన మొదటి పువ్వు దేవుడిదేనని పట్టింపు. ఆ పట్టింపుతోనే వచ్చింది గొడవంతా.

కిందటేడు పోటీ రోజున నేను లేచి కత్తెర పట్టుకుని పైకి వెళ్లేసరికి మొక్క మీద పువ్వు లేదు. పరుగున కిందికి వచ్చాను. పూజగూట్లో అమ్మవారి పటం ముందు ఉంది, మూడు రంగుల్తో, నిండుగా.

"తొలి పువ్వు కదరా, కోసి పెట్టేశాను. అమ్మవారికి ఎంత కళొచ్చిందో చూడు" అంది అమ్మ, ముఖం వెలిగిపోతుండగా.

నాకు ఒళ్లు మండిపోయింది. "అది నీ పూజకి కాదు! ఇకమీదట నన్నడక్కుండా ఆ గదిలో అడుగుపెట్టకు" అని నోరు పారేసుకున్నాను. మర్నాడే ఆ గదికి తాళం కొనుక్కొచ్చాను. దానితో రెండు చెవులిచ్చారు. రెండూ నా ఆఫీసు బ్యాగులోనే వేసుకున్నాను. అప్పట్నుంచీ అమ్మ మెట్ల పక్క కుండీలో నందివర్ధనాలు కోసుకుని దిగిపోయేది. హమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాను. అంత తెలివి నాది.

ఈ ఏడు ఒక కొత్త మొక్క మీద ఆశ పెట్టుకున్నాను. దానికి అంతవరకూ పువ్వే పూయలేదు. ఒకే ఒక్క మొగ్గ నిలిపాను. పోటీ ఇంకా మూడు రోజులుందనగా ఆఫీసుకి వెళ్లక తప్పలేదు. నా భార్యా ఆ పూట ఇంట్లో లేదు. మధ్యాహ్నం మా వైపు కరెంటు పోయింది. ఇన్వర్టరు ఇంట్లోకే గానీ డాబా మీది మోటారుకి లేదు.

అమ్మ వడియాలు తిరగేయడానికి పైకి వెళ్లి, నెట్టులోంచి చూసింది. తుంపర ఆగిపోయింది, ఆకులు వేలాడిపోతున్నాయి. నాకు ఫోన్ చేసింది. ఏడు సార్లు. నేను మీటింగులో ఉన్నాను, ఫోన్ బోర్లించి పెట్టుకున్నాను. ఎనిమిదోసారి చేసింది మా వాచ్‌మన్ భార్య. అప్పటికి మీటింగు అయిపోయింది.

"సారూ, అమ్మ డాబా మీద ఎండల్నే నిలబడ్డది. పైపు వట్టుకొని బయట్నుంచే లోపటికి నీళ్లు కొడుతున్నది. గంటాయె. దిగమంటే దిగుతలేదు, జర జల్ది రాండ్రి."

కరెంటు లేదు కాబట్టి ట్యాంకు నుంచి నీళ్లు సన్నగానే వస్తాయి. పైపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, చేతులెత్తి, నెట్టులోంచి లోపలికి చిమ్మాలి. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఆ పని గంటన్నర చేసింది. నేను కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పడి, మియాపూర్ దాటి ఇల్లు చేరేసరికి వాచ్‌మన్ భార్య ఎలాగో కిందికి దింపి మెట్ల మీద కూర్చోబెట్టింది. అమ్మ ముఖం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. నన్ను చూడగానే, "మొగ్గ ఉందేమో చూడు నాన్నా" అంది.

నేను చూడ్డానికి వెళ్లాను. అమ్మని దాటుకుని, ముందు పైకి వెళ్లి చూశాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. మొగ్గ ఉంది. ఆ తర్వాతే అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు సెలైన్లు ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపించారు.

ఆదివారం పువ్వు విచ్చింది. మొదటి బహుమతి నాకే. అమ్మ నీరసంగా ఉందని ఇంట్లోనే ఉండిపోయింది. బహుమతి ఇచ్చిన పెద్దావిడ మైకు నా చేతికిచ్చి, "ఇంత ఎండల్లో మొగ్గ రాలకుండా ఎలా కాపాడారండీ?" అని అడిగారు. నేను నెట్టు గురించి చెప్పాను. తుంపర గొట్టాల గురించి, టైమరు గురించి చెప్పాను. అయిదు నిమిషాలు మాట్లాడాను. అమ్మ పేరెత్తలేదు. మరిచిపోయి కాదు. తాళం సంగతి చెప్పాల్సి వస్తుందని.

సాయంత్రం కప్పునీ, అప్పటికే ముడుచుకుపోయిన పువ్వునీ అమ్మ ముందు పెట్టాను. నా భార్య ఫోన్లో తీసిన వీడియో చూపించింది. అమ్మ ఫోను దగ్గరగా పట్టుకుని, నా మాటలు ఆఖరి దాకా విన్నది.

"బాగా చెప్పావు నాన్నా" అంది. పువ్వు చేతిలోకి తీసుకుని, "వాడిపోయింది, దేవుడికి పెట్టకూడదు" అని వంటింటి కిటికీలో గ్లాసులో వేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు పైకి వెళ్లి తాళం తీసి చెత్తబుట్టలో పడేశాను. దాంతో అయిపోతుందనుకున్నాను.

మొన్న అదే మొక్కకి రెండో పువ్వు పూసింది. కోయకుండా ఉంచి అమ్మని పిలిచాను. సజ్జ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. అయినా బయటే ఆగింది.

"లోపలికి రావచ్చా నాన్నా?"

ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. ఉంటే బాగుండేది. మామూలుగా, పొరుగింటి వాళ్లని అడిగినట్టు అడిగింది. "అదేంటమ్మా, రా, ఇవన్నీ నీవే" అన్నాను. వచ్చింది. పువ్వు దాకా చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని నా వైపు చూసింది.

"కోసుకోమంటావా?"

కోసుకోమన్నాను. నిన్నా అడిగింది. ఇవాళా అడిగింది.