తుపాకి కర్ర మీద మూడు గీతలు

మా బావ ఆర్వో నిస్కల పాత సైనిక తుపాకిని ముందు వాసన చూసేవాడు. గొట్టం మూతికి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి లాగేవాడు.

"చూడమంటే ముద్దు పెడతాడేంటి కెర్టూ మీ బావ?" అని సామాన్ల కొట్టు ట్రెవారో నన్ను ఏడిపించేవాడు.

"ఇంట్లో మా అక్క పెట్టనివ్వదుగా, పాపం!" అనేదాన్ని నేను.

నవ్వులకే అన్నా అందులో కొంత నిజం ఉంది. బావ ఆ మాట వినపడనట్టే ఉండేవాడు. రాగి గనిలో దూలాలు నిలబెట్టే పనిలో ఒక చెవి పోయింది కాబట్టి, అక్కర్లేని మాట వచ్చినప్పుడల్లా ఆ చెవి ఇటు తిప్పేవాడు.

ఆ తుపాకులు ఫిన్లండ్ నించి ఓడలో వచ్చేవి. పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిది చలికాలంలో యుద్ధం జరిగినప్పుడు, మావాళ్ళు, అంటే ఫిన్నులు, రష్యా సిపాయిల దగ్గర్నించి తీసుకున్నవి. యుద్ధాలయ్యాక ఎవరికీ అక్కర్లేక, గ్రీజు పూసి, పెట్టెల్లో కుక్కి అమెరికాకి అమ్మేశారు. అవి సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊరు చేరి, ట్రెవారో కొట్టులో పారలూ గడ్డపారలూ పెట్టే పీపాలో నిలబడేవి. పద్నాలుగు డాలర్లు. నవంబరులో జింకల వేటకి అంతకంటే చవకైనది దొరకదు. కానీ సగానికి పైగా చెత్త. అందుకే కొనేవాళ్ళు బావని వెంటబెట్టుకుపోయేవాళ్ళు.

ఆయన గొట్టాన్ని వెనకనించి మూసే బోల్టు బయటికి లాగి, ఆ ఖాళీలో తన బొటనవేలి గోరు పెట్టేవాడు. గోరు మీద పడిన వెలుగు గొట్టం లోపలికి మళ్ళుతుంది. అటు చివర కన్ను పెట్టి చూసి, "తుప్పు తినేసింది" అనో, "పరవాలేదు, తోమితే పనికొస్తుంది" అనో చెప్పేవాడు. మూతిలోకి గుండు దూర్చి ఎంత లోతుకి దిగుతుందో చూసేవాడు. బోల్టు మీద అంకె, గొట్టం మీద అంకె ఒకటేనా కాదా చూసేవాడు. ఎక్కువ ధర వస్తుందని ఎవడైనా అంకె కొత్తగా గుద్దినా, కర్ర మీద పాతకాలపు గాటు అని కొత్తగా గీసినా ఇట్టే పట్టేసేవాడు. "పాత గాటు లోపల నల్లగా ఉంటుంది. కొత్తది ఎంత రంగు పూసినా లోపల తెల్లగా నవ్వుతుంది" అనేవాడు. అన్నేళ్ళలో ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు. ట్రెవారోకి నష్టం వచ్చినా సరే, చెత్తని చెత్తనే అన్నాడు.

చివరికి తుపాకిని తల్లకిందులు చేసి, భుజానికి ఆనే కర్ర అడుగున గ్రీజు తుడిచి చూసేవాడు. అదీ పరీక్షలో భాగమే అనుకునేవాళ్ళు కొనేవాళ్ళు. కాదు. అక్కడ ఆయన వెతికేది తన అన్నని.

మా ఫిన్నుల్లో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. గొడ్డలి పిడి మీద, రంపం మీద, పడవ మీద కత్తితో చెక్కుతారు. నిస్కల వాళ్ళది మూడు గీతలు, రెండు నిలువు, వాటిని కోస్తూ ఒకటి ఏటవాలుగా. బావ అన్న ఉర్హో చేతిలోకి ఏ కర్ర వచ్చినా అడుగున ఆ మూడు గీతలూ గీసేదాకా నిద్రపోయేవాడు కాదు. మా అమ్మ అప్పడాల కర్ర లాంటి రొట్టెల కర్ర మీద కూడా గీసి తిట్లు తిన్నాడు.

ఉర్హో మా అక్క సైమాకి మొదటి మొగుడు. ముప్పై రెండులో, పెళ్ళైన మూడు నెలలకే, రష్యా వైపు కరేలియాలో పనివాళ్ళ రాజ్యం కడుతున్నారని ఇక్కణ్ణించి వందలమంది ఓడలెక్కి వెళ్ళారు. వాళ్ళలో అతనూ వెళ్ళాడు. టిక్కెట్టు పంపుతానన్నాడు. ముప్పై ఏడు దాకా ఉత్తరాలొచ్చాయి, తర్వాత లేవు. ఎలాగో తప్పించుకుని తిరిగొచ్చిన ఒకాయన మాత్రం, ముప్పై తొమ్మిదిలో మంచు పడే వేళ అతన్ని రష్యా సిపాయి బట్టల్లో చూశానన్నాడు. అంటే మావాళ్ళ మీదే తుపాకి పట్టించారన్నమాట. అతని గుర్తున్న తుపాకి ఈ పెట్టెల్లో దొరికితే, అతను ఆ మంచులో పోయినట్టే.

నలభై ఏడులో కోర్టు ఉర్హో చనిపోయినట్టే లెక్క అని రాసిచ్చింది. అక్క ఆ కాగితం పుచ్చుకుంది గానీ, చనిపోయాడని నోటితో అనలేదు. పదిహేనేళ్ళు "వదినా" అని పిలిచిన ఆర్వో ఆమెని పెళ్ళాడాడు. కొత్తవాళ్ళెవరైనా ఇంటికొస్తే మా అక్క ఆయన్ని చూపించి "ఉర్హో తమ్ముడు" అని చెప్పేది. బావ పక్కనే నిలబడి తలాడించేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "మొగుడని చెప్పడానికి నోరు పడిపోయిందా నీకు?" అని ఎన్నిసార్లు దెబ్బలాడానో.

శనివారం సౌనాకి, అదే మా ఆవిరి స్నానాల గదికి, వెళ్తే ఆ ఇంట్లో నాకు చలి వేసేది. పొయ్యి మీద రాళ్ళు కణకణలాడుతుంటే చలి ఏమిటంటారా? బట్టలు విప్పుకునే గదిలో మూడు మేకులుండేవి. మూడోదానికి ఉతికిన తువ్వాలు. అక్క వారం వారం దాన్ని మార్చేది. అందరి స్నానాలూ అయ్యాక చివరి చెంబు నీళ్ళు ఇంట్లో పోయినవాళ్ళ పేరు చెప్పి రాళ్ళ మీద పోస్తాం. అమ్మకి, నాన్నకి పోసేది. ఉర్హోకి మాత్రం పోసేది కాదు. పోస్తే పోయినట్టే కదా.

అరవై మూడు సెప్టెంబరులో మా భాష పత్రికలో చిన్న వార్త వచ్చింది. కరేలియా వెళ్ళిన ఇద్దరు ముసలాళ్ళని రష్యా వాళ్ళు వదిలేశారట, కెనడాలో దిగారట. అక్క ఆ కాగితం ముక్క మడిచి రవికెలో పెట్టుకుంది. తిండి తగ్గిపోయింది. వీధిలో బండి ఆగితే లేచి నిలబడేది. అక్టోబరు మొదట్లో పెట్టె సర్దింది.

"మంచు పడకముందే డులూత్ ఊళ్ళో పిన్ని దగ్గరికి పోతానే," అంది నాతో.

"పోయి?"

"అతనొస్తే, నేను తమ్ముడి మంచం మీద కనపడకూడదు."

బావ గుమ్మంలో ఉన్నాడు. ఈసారి చెవి తిప్పలేదు.  ఆయన బయటికి వెళ్ళి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా కొడుతూనే ఉన్నాడు.

ఆ గురువారం నన్ను తోడు రమ్మని ట్రెవారో కొట్టుకెళ్ళాడు. పీపాలోంచి ఒకటి తీశాడు. ముప్పై ఆరులో చేసింది. మావాళ్ళ సైన్యం ముద్ర ఉంది. గొట్టం తుప్పు, బోల్టు వేరేదానిది. తల్లకిందులు చేసి గ్రీజు తుడిచాడు. నేనూ వంగి చూశాను. ఏమీ లేదు, కర్ర నున్నగా ఉంది.

"ఇది తీసుకుంటాను," అన్నాడు.

"నీకా! ఇది చెత్తని నువ్వే అంటావు కదయ్యా!" అన్నాడు ట్రెవారో.

"నా డబ్బు, నా చెత్త."

శుక్రవారం సాయంత్రం అక్క ముందు బల్ల మీద పెట్టాడు. కర్ర అడుగున మూడు గీతలున్నాయి. రెండు నిలువు, ఒకటి ఏటవాలు. నల్లగా, పాతగా ఉన్నాయి.

ఊరంతటికీ నోటిదురుసు మనిషిని నేను.  బావ నా వైపు చూశాడు. కొట్టులో నేనేం చూశానో ఆయనకి తెలుసు. కుక్క కూడా అలా బతిమాలుతూ చూడదు. నేను రొట్టె కోయడానికి లేచాను.

అక్క వేలితో ఒక్కో గీతా తడిమింది. ఏడవలేదు. "రేపు సౌనాలో చూద్దాం," అంది.

ఆమె అడిగింది బావ పెట్టిన పరీక్షే. కర్ర మీద గ్రీజు దిగడానికి ఆయన ఎప్పుడూ సౌనా పైమెట్టు మీదే పెట్టేవాడు. ఏదైనా గుర్తు మీద అనుమానం ఉంటే రాళ్ళ మీద నీళ్ళు పోసేవాడు. దెబ్బ తగిలి నొక్కుకుపోయిన గీతయితే ఆవిరికి కర్ర ఉబ్బి మాయమైపోతుంది. కత్తితో కోసిందయితే నిలబడుతుంది. పూసిన రంగుంటే కారిపోతుంది. ఇది వంద మందికి ఆయనే చెప్పాడు. అక్క వందసార్లు విన్నది.

"పొడి వేడి చాలు. నీళ్ళు పోస్తే కర్ర పగుల్తుంది," అన్నాడు బావ శనివారం, మేం లోపలికి వెళ్తుంటే. ఆయన గొంతు వింటే నాకే జాలేసింది.

తలుపు వేసుకున్నాం. పైమెట్టు మూలన ఆ కర్ర నిలబడి ఉంది. గ్రీజు చెమటలా పట్టి కిందికి జారుతోంది. మాతోపాటు ఎవడో మగవాడు ఉన్నట్టే ఉంది నాకు. తువ్వాలు గుండెల దాకా లాక్కున్నాను.

అక్క చెంబు ముంచింది. బకెట్టుకి చెంబు తగిలిన చప్పుడు, ఒంటి చెవితోనే, బయట ఆయనకి వినపడింది.

"వదినా! వద్దు!"

పదహారేళ్ళుగా అనని మాట. భయానికి నోట్లోంచి జారిపోయింది.

అక్క పోసేసింది. రాళ్ళు బుస్సుమన్నాయి. వేడి చెవులు కాల్చింది. మళ్ళీ పోసింది. ఆవిరి పలచబడ్డాక ఇద్దరం కర్ర వైపు వంగాం. మూడు గీతలూ నిలబడ్డాయి. కానీ వాటిలోంచి గోధుమరంగు నీళ్ళు సన్నగా కారుతున్నాయి. గీతల లోపల కర్ర తెల్లగా ఉంది. గదంతా కాఫీ వాసన, మరిగి మరిగి మాడిన నల్ల కాఫీ వాసన.

 ఇక పెట్టె తీసుకుని పోతుంది అనుకున్నాను.

 అక్క తన తువ్వాలుతో కర్ర తుడిచింది, ఆ కారిన గోధుమరంగంతా. గీతల్లోకి గ్రీజు వేలితో నొక్కి నింపింది. మరో చెంబు ముంచి, "ఇది ఉర్హోకి," అని రాళ్ళ మీద పోసింది. బట్టల గదిలోకి వచ్చి మూడో మేకుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుంది.

బావ బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, తీర్పు కోసం కూర్చున్న మనిషిలా.

"గుర్తు నిలబడింది," అంది అక్క. నా వైపు తిరిగి, "కెర్టూ, మా ఆయనకి కాఫీ పొయ్యవే. వణికిపోతున్నాడు," అంది.

బావ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆ తర్వాత మళ్ళీ ఏ తుపాకీ చూడలేదు. ఎవరడిగినా, "నా కన్ను చెడిపోయింది, నన్నడక్కండి," అనేవాడు. ఆ తుపాకి వంటింటి తలుపు మీద పదకొండేళ్ళు వేలాడింది.

డెబ్బై నాలుగు మార్చిలో బావ పోయాడు. వచ్చినవాళ్ళంతా కాఫీ తాగి, ఏలకుల రొట్టె తిని వెళ్ళిపోయాక, కప్పులు కడుగుతూ ఇక దాచుకోలేకపోయాను.

"అక్కా, ఆ రోజు ఆవిర్లో కాఫీ వాసన..."

"నేను కాచిన కాఫీ నాకు తెలీదటే?" అంది తల ఎత్తకుండా. "అడుగున మిగిలింది పారబోస్తుంటే ఉంచమన్నాడు. చల్లారిన కాఫీ మొహం చూడని మనిషి."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"ఊరందరికీ నిజం చెప్పాడే. నాకొక్కదానికే అబద్ధం ఆడాడు. దాన్ని మొహాన కొట్టే మనసు రాలేదు."

"అయితే ఉర్హో..."

"తెలీదు." కప్పు బోర్లించింది. "ఉంటే గింటే, అతనికి తలుపు వేసింది నేనే."

ఆ శనివారం ఇద్దరమే సౌనాలో కూర్చున్నాం. స్నానాలయ్యాక అక్క చివరి నీళ్ళు ముంచింది. "ఇది మా ఆయనకి," అని పోసింది. రెండో చెంబు ముంచి, "ఇది ఆ తుపాకి ఎవడిదో వాడికి. పేరు తెలీదు. వాడి కర్ర మీద మా గుర్తు గీశాం," అని పోసింది.

మూడో చెంబు ముంచింది. పోయలేదు, బకెట్టులోకీ వంచలేదు. రెండు చేతులతో పట్టుకుని, రాళ్ళు చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంది.