నలభై తొమ్మిదో ఏట డిప్లొమా

బనగానపల్లెలో బీబమ్మ బడి పెట్టి ఇరవై ఏళ్లు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఆమెతో కలిపి ఐదుగురు టీచర్లు. బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో, మామిడితోటల్లో పనిచేసేవాళ్ల పిల్లలే ఎక్కువ. ఒకటో తరగతి ఎప్పుడూ బీబమ్మదే. దసరా సెలవుల నాటికి ఏ పిల్లయినా కూడబలుక్కుని చదవలేకపోతే ఆ తప్పు తనదేనని నమ్మే మనిషి. ఆమె చదివింది ఇంటర్. పాఠం చెప్పడం ఎవరూ నేర్పలేదు. చెప్తూ చెప్తూ నేర్చుకుంది.

2017లో ఆ ఇంటర్ చాలదని తేలింది. సర్కారు బడైనా ప్రైవేటు బడైనా, శిక్షణ లేని టీచర్లు 2019 మార్చిలోగా డిప్లొమా పూర్తి చేయాలనీ, లేకపోతే పాఠాలు చెప్పకూడదనీ చట్టం మార్చారు. పనిలో ఉన్నవాళ్ల కోసం దూరవిద్యలో కోర్సు కూడా పెట్టారు. సరిగ్గా ఆ ఏడాదే బీబమ్మ బడికి గుర్తింపు గడువు తీరిపోతోంది. పొడిగించాలంటే దరఖాస్తులో టీచర్ల పేర్లు, వాళ్ల శిక్షణ వివరాలు నింపాలి. మిగతా నలుగురు టీచర్లకూ శిక్షణ ఉంది. లేనిది బడి నడిపే ఆమెకే.

పక్క మండలంలో పెద్ద బడి నడిపే దేవేంద్రప్ప ఆమెకు పాత పరిచయం. సంగతి తెలిసి వచ్చాడు.

"నీకెందుకక్కా ఈ తలనొప్పి? ఎవురిదో ఒక సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెట్టు. పేరు వాళ్లది, పాఠం నీది. నా ఫైల్లో ఆరుండాయి. ఆ మనుషులు యాడుండారో నాకే తెల్దు."

"రేపు ఆఫీసరొచ్చి, మీ టీచరమ్మ పేరేందని పిల్లోళ్లను అడిగితే?"

"ముందే చెప్పి పెట్టుకోవల్ల."

"ఆరేండ్ల పిల్లోళ్లకు అబద్ధం నేర్పమంటాండావా దేవేంద్రప్పా? అది నా చేత కాదు."

మరునాడే కోర్సులో పేరు నమోదు చేసుకుంది. దరఖాస్తులో తన పేరు ఎదురుగా 'శిక్షణ లేదు, కోర్సులో చేరాను' అని రాసి పంపింది.

తనిఖీకి మండల విద్యాధికారి లేవి వచ్చాడు. మరుగుదొడ్లు చూశాడు, కుళాయి తిప్పి చూశాడు, గదులు కొలిపించాడు. దరఖాస్తులో ఆ మాట దగ్గర ఆగాడు.

"ఇట్ల రాసినోళ్లను నేను ఇంతవరకూ చూల్లేదమ్మా. గుర్తింపు ఆగిపోవచ్చు, తెలుసు కదా?"

"ఉండేదే రాసినా సార్. మీరూ చూసిందే రాయండి. రాసే ముందర నా తరగతిలో ఒక్క పీరియడ్ కూచోండి."

లేవి వెనక బెంచీలో కూర్చున్నాడు. బీబమ్మ బోర్డు మీద ఒక్కో మాటా రాసి, దీర్ఘం తీసేస్తే అదేమవుతుందో పిల్లల్నే చెప్పమంది. 'పాడు' కాస్తా 'పడు' అయ్యేసరికి ముందు వరసలో ఒకడు లేచి, పడి చూపించాడు. తరగతి అంతా నవ్వింది. లేవి కూడా నవ్వాడు.

పోతూ పోతూ అన్నాడు. "పాఠం శానా బాగుండాది. కానీ దాన్ని రాయడానికి ఈ కాగితంలో చోటు లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తా. గడువులోగా డిప్లొమా తెచ్చుకోండి."

ఆ షరతు మీదనే గుర్తింపు వచ్చింది.

ఇక శని, ఆదివారాలు నంద్యాలలో తరగతులు. అక్కడ చాలామంది ఆమెకు కూతురి వయసువాళ్లు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడి లెక్చరర్లు నాకు కొత్తగా చెప్పేదేముందని మొదట్లో అనుకుంది. ఒక ఆదివారం ఎడమచేతి వాటం పిల్లల గురించి పాఠం వచ్చింది. వాళ్లను కుడిచేత్తో రాయమని బలవంతపెట్టకూడదని, పెడితే రాతంటేనే బెదిరిపోతారని లెక్చరర్ చెప్తుంటే బీబమ్మ పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఎంతమంది చేతుల్లో బలపం మార్పించిందో ఆమెకే లెక్క తెలియదు. ఎడమచేయి వీపు వెనక పెట్టుకోమని గద్దించిన రోజులూ ఉన్నాయి.

తిరుగు బస్సు దిగి నేరుగా హబీబ్ పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్లింది. అతను ఆమె తొలి ఏళ్ల విద్యార్థి. ఎడమచేత్తో బండను సర్దుతున్నవాడల్లా ఆమెను చూసి మిషను ఆపాడు.

"నిన్ను కుడిచేత్తో రాయించింది తప్పు నాయనా. అది నాకు ఈ పొద్దు తెలిసింది."

హబీబ్ చేతులు తుడుచుకున్నాడు. "దానికే బడి మానుకున్యానని అనుకోవద్దండి టీచరమ్మా. మా నాయిన పోయినాక మానుకుంటి." మళ్లీ బండ వైపు తిరుగుతూ, "కానీ రాయాలంటే మాత్రం భయముండె," అన్నాడు.

ఆ రెండు మాటలూ ఆమె మనసులో నిలిచిపోయాయి. సోమవారం తరగతిలో లక్ష్మీప్రియ అనే పిల్ల ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని, టీచరు వస్తోందని గబుక్కున కుడిచేతికి మార్చుకుంది. బీబమ్మ పక్కన కూర్చుని పెన్సిల్‌ను తిరిగి ఎడమచేతిలో పెట్టింది. మోచేతికి చోటుండేలా బెంచీ చివరికి జరిపింది. మిగతా టీచర్లను పిలిచి, తాను నేర్చుకున్నది తన తప్పుతో సహా చెప్పింది.

ఒక పేపరు ఒకసారి తప్పింది. మార్చి గడువులోపే మళ్లీ రాసి గట్టెక్కింది. 2019 వేసవిలో డిప్లొమా చేతికొచ్చింది, బడి గుర్తింపు మీద షరతు తొలగిపోయింది. అప్పటికి ఆమెకు నలభై తొమ్మిది.

ఇప్పుడు యాభై దాటినా ఒకటో తరగతి ఆమెదే. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో పాతిక శాతం పేద పిల్లలకు ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చినప్పుడు కొందరు యజమానులు గొణిగారు. బీబమ్మ మాత్రం ఏటా దరఖాస్తుల వేళకు, ఆన్‌లైన్లో నింపడానికి ఫోను పట్టుకుని పాలిష్ కార్మికుల కాలనీకి పోతుంది. తన బడికే కాదు, ఊళ్లోని పెద్ద బడులకు కూడా వాళ్ల చేత దరఖాస్తులు పెట్టిస్తుంది.

మొన్న సుంకన్న అనే కార్మికుడు నమ్మలేక అడిగాడు. "ఆ పెద్ద బడోళ్లు మా పాపను రానిస్తారామ్మా?"

"రానీకుండా ఎట్ల ఉంటారప్పా? చట్టం ఉండాది. పాప ఆధార్ కార్డు తీసుకరా పో."