రాజు కొట్టేసుకున్న మాటలు

నా చిన్నప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం మూడింటికి, మా పెద్దమ్మ స్టవ్ మీద టీ పెట్టింది. అప్పుడే ఉగాది కార్యక్రమం నడిపేవాళ్ళ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. పిల్లల నాటకానికి ఇచ్చిన సమయం సగానికి తగ్గించారట. మర్నాడే ప్రదర్శన.

అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో, పెద్దమ్మ వాళ్ళింటి బేస్‌మెంట్‌లో రిహార్సల్ జరుగుతోంది. పెద్దమ్మ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేది. నాటకం ఆమె రాసిందే. రాజు వేషం వాళ్ళబ్బాయిది, అంటే మా అన్నయ్యది. వరద వస్తోందని రాజుకు చెప్పే చిన్నపిల్ల వేషం నాది. ఉన్నవి రెండే వాక్యాలు. వాటికోసం అమ్మ తన చీర కత్తిరించి పరికిణీ కుట్టింది.

పెద్దమ్మ కిందికి దిగి సంగతి చెప్పగానే పిల్లలు తీర్పు ఇచ్చేశారు: నా వేషం తీసెయ్యాలి.

“నాటకం కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి కదమ్మా,” అన్నాడు అన్నయ్య. “షి ఈజ్ ద స్మాలెస్ట్.”

నేను పరికిణీ అంచు పట్టుకుని నిలబడ్డాను.

“బాగుంది. మరి రాజుగారు ఏం త్యాగం చేస్తున్నారు?” అంది పెద్దమ్మ.

“అమ్మా, ఐ యామ్ ద కింగ్! నా డైలాగ్స్ కట్ చేస్తే ఇంకేం ఉంటుంది?”

“మీసం ఉంటుంది కదా, ఆంటీ!” అన్నాడు మంత్రి వేషం వేస్తున్న అబ్బాయి.

పెద్దమ్మ కూడా నవ్వి మెట్టు మీద కూర్చుంది. కొన్ని వందల ఏళ్ళ క్రితం యూరప్‌లో దీని గురించే లావుపాటి పుస్తకాలు రాశారని చెప్పింది. వాటి ప్రకారం ప్రశాంతంగా బతకడం కోసం జనమంతా తమ హక్కులు వదులుకున్నారట. రాజు మాత్రం ఏమీ వదులుకోలేదట. ఆపైన ఒక నియమం పెట్టింది. ఎవరి మాటలు వాళ్ళే కొట్టేసుకోవాలి, ఇంకొకరివి ముట్టుకోకూడదు. రాజుతో మొదలు.

అన్నయ్య తన మాటలున్న కాగితం మొదటినుంచి చదివాడు. చివరికి సభలోకి వస్తూ చెప్పే పొడుగాటి ప్రసంగం, తనకు అన్నిటికన్నా ఇష్టమైనది, కొట్టేశాడు. తర్వాత ఇంకెవరూ వాదించలేదు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఒక వాక్యం కొట్టేశాను. నన్ను అడిగారు, నేను ఇచ్చాను. మిగిలిన ఒక్క వాక్యాన్నీ మర్నాడు హాలు చివరికి వినిపించేలా చెప్పాను.

ఆ పుస్తకాలు తర్వాత నేనూ చదివాను. ప్రాణం కాపాడుకోవడానికి రాజ్యంలో చేరిన మనిషిని అదే రాజ్యం ప్రాణమిమ్మంటే ఏం చెయ్యాలన్న చోట వాటిని రాసినవాళ్ళూ తడబడ్డారు. ఇవ్వమని అడిగేవాడు ముందు తనది ఇవ్వాలన్నది నేను నేర్చుకున్నది మాత్రం పెద్దమ్మ దగ్గరే. పోయిన ఏడాది ఆమె కన్నుమూసింది. ఈనాటికీ ఎవరినైనా ఏదైనా వదులుకోమనే ముందు నాది ఏం పోతోందో చూసుకుంటాను.

మా ఊరి పిల్లల నాటకాల్లో, టైము చాలలేదని చిన్నవాళ్ళ వేషాలు తీసెయ్యడం ఆ ఉగాదితోనే మానేశారు.